ఉద్దానపు మంచినీళ్ళు, అంగారకుని త్రోవ

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరితోటలను జీడితోటలను నేలమట్టము గావించిపోయిన కొన్నాళ్ళకు నేను కవిటి ప్రాంతమునకు వెళ్ళియుంటిని. వేళ్ళతో పెకలింపబడి ఒకదానిపై నొకటి ఒరిగియున్న కొబ్బరిమానుల నడుమ, తన తండ్రి నాటిన చెట్టు మొదలుపై కూర్చుండిన ఒక వృద్ధ రైతు, నేను పత్రికలకు విజ్ఞాన విషయములు వ్రాయువాడనని తెలిసికొని, నన్నొక ప్రశ్న యడిగెను: “అంగారకుడి కాడికెలిపోనారంట గదా బాబూ, మా ఊరికి మంచినీళ్ళు తేనేకపోనారేటి?” ఆ మాటలో వెక్కిరింత లేదు, కోపము కూడ లేదు. ఇంటిలో ఒకరు మూత్రపిండముల జబ్బుతో మంచము పట్టియుండగా, పెరటి బావినీటిని అనుమానముగా చూచుచు బ్రతుకు మనిషి సహజముగా అడుగదగిన ప్రశ్నయే అది.

నాడు నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని. గ్రహములపైకి నౌకలను పంపుట సద్వ్యయమా, దుర్వ్యయమా యని పండితులు సభలలో చర్చించునపుడు ఆ చర్చ కోట్ల అంకెల మీదను దేశగౌరవము మీదను నడచును. పడిపోయిన మాను మీద కూర్చున్నవానికి ఆ రెండింటితోను పని లేదు. ఆయనకు చెప్పవలసియుండిన మాటలనే ఇన్నాళ్ళకు ఇచట వ్రాయ పూనుకొంటిని.

ఉద్యానవనమను మాటయే జనుల నోట నలిగి ఉద్దానమైనదందురు. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో వ్యాపించిన ఈ పచ్చని సీమలో, కొన్ని దశాబ్దులుగా, మధుమేహము గాని రక్తపుపోటు గాని లేనివారికి సైతము మూత్రపిండములు క్రమక్రమముగా చెడిపోవుచున్నవి. త్రాగునీటిలోని ఖనిజములు కారణమనియు, పురుగుమందులు కారణమనియు, ఎండలో చెమటోడ్చి తగినంత నీరు త్రాగకుండుట కారణమనియు, వంశపారంపర్యమైన దౌర్బల్యము కారణమనియు పలువురు పలువిధములుగా ఊహించిరి గాని, ఇదియే కారణమని ఏ ఒక్కదానిని వ్రేలు పెట్టి చూపగలిగినవారు లేరు. వైద్యులే దీనికి ‘కారణము తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి’ యని పేరు పెట్టిరి. ఒక వ్యాధి పేరులోనే అజ్ఞానమును ఒప్పుకొనవలసి వచ్చుట ఎంత విచారకరము!

ఇక అంగారకుని లెక్క చూతము. 2013 నవంబరు 5వ తేదీన శ్రీహరికోట నుండి బయలుదేరి, 2014 సెప్టెంబరు 24వ తేదీ ఉదయమున అంగారకుని కక్ష్యలో ప్రవేశించిన మంగళయానమునకైన వ్యయము సుమారు 450 కోట్ల రూపాయలు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశజనులు 121 కోట్లు గనుక తలకు 3 రూపాయల 72 పైసలు పడినవి. అప్పటి శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జనులు కలిసి 50 లక్షల 47 వేల మంది. ఆ లెక్కన మన రెండు జిల్లాల వంతుగా అంగారకునికి చేరిన చందా 1 కోటి 88 లక్షల రూపాయలు. వంశధార నీటిని హిరమండలము జలాశయము నుండి గొట్టముల ద్వారా ఉద్దానమునకు తెచ్చిన పథకమునకు దాదాపు 700 కోట్లు పట్టినవి. 2023 డిసెంబరు 14వ తేదీన ఆ పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రమును ప్రారంభించిరి. కావున మన వంతు చందాను అంగారకునికి పంపక దాచుకొనియున్నను అది ఆ గొట్టములలో ఎన్నో వంతునకు గాని చాలెడిది కాదు.

అయితే ఈ తలసరి లెక్క నాకు నచ్చినది కాదు. ఏ దుర్వ్యయమునైనను 121 కోట్లతో భాగించినచో అది రూపాయలలోనికి, పైసలలోనికి దిగజారి నిరపాయముగా కనబడును. కిలోమీటరుకు ఇంతయని లెక్కగట్టి, ఆటోబాడుగ కంటె చౌకయని మురియుట అంతకంటె బలహీనమైన వాదము. చౌకగా కొన్నది యెల్ల పనికివచ్చునది కాదు గదా. అసలు విచారింపవలసినది ఆ ధనముతో ఏమి కొంటిమి, కొన్నది ఎచట నిలిచినది అను సంగతి.

ధనమును ఎవ్వరును మూటగట్టి ఆకాశమునకు విసరలేదు. అంగారకుని చుట్టు తిరిగినది కొంత లోహము, కొంత ఇంధనము, పదునైదు కిలోల బరువు గల ఐదు పరికరములు మాత్రమే. మిగిలినదంతయు భూమి మీదనే, కర్మాగారముల పనివారి చేతులలోను, పరీక్షాశాలలలోను, బెంగళూరు దగ్గరి బ్యాలాలులో చంద్రయాన్ నిమిత్తము నిలిపిన 32 మీటర్ల బృహత్ శ్రవణపాత్ర వంటి యంత్రములలోను నిలిచియున్నది. నిలిచినంత మాత్రమున చాలునా యని ప్రశ్న. ఆ చేతులు, ఆ యంత్రములు మన కళింగపట్నము, బారువ, భావనపాడు, చింతపల్లి తీరములలోని మత్స్యకారులకు ఏమైన ఒరగబెట్టినవా? దీనికి ప్రత్యుత్తరము మంగళయానము వంశవృక్షములో నున్నది. ఆ వంశవృక్షము చాలమందికి తెలియదు గనుక దానిని కొంచెము తీరికగా చెప్పెదను.

2002 సెప్టెంబరు 12వ తేదీన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు శ్రీహరికోట నుండి ఒక వాతావరణ ఉపగ్రహమును పైకి గొనిపోయినది. మేఘములను, ఋతుపవనములను, తుపానులను కనిపెట్టుటకే ప్రత్యేకముగా మనవారు నిర్మించిన తొలి ఉపగ్రహమది. మరుసటి సంవత్సరము వ్యోమగామి కల్పనా చావ్లా దుర్మరణము పాలు కాగా, ఆమె స్మృత్యర్థము దానికి ‘కల్పన-1’ అని పేరు మార్చిరి. అంతవరకు భూమికి దాపున తిరుగు ఉపగ్రహములనే మోసిన ఆ రాకెట్టు, మిక్కిలి దూరపు కక్ష్యకు ఒక టన్ను బరువును ఎత్తగలదని నాడు ఋజువైనది. ఆరు సంవత్సరముల తరువాత, 2008 అక్టోబరు 22న, ఆ జాతి రాకెట్టే చంద్రయాన్-1ను చంద్రుని వైపు పంపినది. ఆ చంద్రనౌక దేహమునకు కల్పన ఉపగ్రహపు అమరికయే ఆధారమైనది. చంద్రనౌక దేహమును కొంత మార్చి మంగళయానమును గావించిరి. అనగా గాలివానలను కనిపెట్టుటకు పుట్టినది అవ్వ. చంద్రునికి పోయినది తల్లి. అంగారకునికి పోయినది మనుమరాలు. ఇంటిలో అవ్వ లేనిదే మనుమరాలు లేదు. ఈ కుటుంబములో ఎవరి ఖర్చు ఎంతయని వేరువేరుగా గీతలు గీయుట కష్టము.

మంగళయానము చౌకయగుటకు ముఖ్యకారణము కూడ ఈ చుట్టరికమే. పెద్ద రాకెట్టు సిద్ధముగా లేనందున చిన్న రాకెట్టుతోనే పోవలసి వచ్చినది. ఆ చిన్న రాకెట్టుకు 1,337 కిలోల నౌకను ఒక్క తోపుతో అంగారకుని త్రోవ పట్టించు శక్తి లేదు. అందువలన మొదట నౌకను భూమికి ఒక కొసన 250 కిలోమీటర్ల దగ్గరగను, మరియొక కొసన 23,500 కిలోమీటర్ల దూరముగను పోవు కోలకక్ష్యలో విడిచిరి. అట్లతద్దినాడు చింతకొమ్మకు కట్టిన ఉయ్యాలలో నిలుచుండి ఊగు బాలిక, ఉయ్యాల క్రిందికి దిగి మిక్కిలి వేగముగా పోవు క్షణమున కాలితో ఒత్తి, మరుసటి ఊపున ఇంకను ఎత్తునకు పోవుట మనమెరుగుదుము. నౌకయు అట్లే, భూమికి మిక్కిలి దాపునకు వచ్చి మిక్కిలి వేగముగా సాగు వేళ ఇంజనును కొన్ని నిమిషములు మండించి, ప్రతి పర్యాయమును దూరపు కొసను ఇంకను దూరమునకు నెట్టుకొనుచు పోయెను. నవంబరు 11న జరిగిన మండింపు చాలక నౌక అనుకొన్న ఎత్తును అందుకొనలేదు. మరునాడే మరియొక మండింపుతో ఆ లోటు పూడ్చిరి. ఈ విధముగా దూరపు కొస 1,92,000 కిలోమీటర్లు దాటిన పిమ్మట, డిసెంబరు 1వ తేదీ అర్ధరాత్రి దాటిన వెనుక ఇరువదిరెండు నిమిషముల మండింపుతో నౌక భూమి పట్టు వదలించుకొని సూర్యుని చుట్టు సాగు దీర్ఘప్రయాణమునకు బయలుదేరెను.

అటుపిమ్మట ఆ పెద్ద ఇంజను దాదాపు మూడువందల దినములు నిద్రపోయినది. శీతలశూన్యములో అన్ని నెలలు మూతవేసియుంచిన ఇంజను, తిరిగి పిలువగనే మేలుకొనునా? మేలుకొననిచో నౌక అంగారకుని ప్రక్కగా దూసికొనిపోయి ఎవ్వరికిని దక్కదు. సెప్టెంబరు 22న నాలుగు సెకన్ల కాలము మండించి పరీక్షించిరి, అది పలికినది. 24వ తేదీ ఉదయమున ఇరువదిమూడు నిమిషములు ఇంజను మండి, నౌక వేగమును తగ్గించి, అంగారకుని ఆకర్షణకు లోబరచినది. ఆ వేళ అచటి నుండి ఇచటికి వార్త చేరుటకు పన్నెండు నిమిషములు పట్టుచుండెను. పైగా నౌక కొంతసేపు అంగారకుని చాటునకు పోయెను. కావున ఇచటి నుండి కళ్ళెము పట్టి నడపుట అసాధ్యము. ఏమి జరిగిన ఏమి చేయవలెనో ముందే నౌకకు నేర్పి పంపిరి. తొలి ప్రయత్నముననే అంగారకుని చేరిన మొదటి దేశము మనదేనని అందరును ఎరిగినదే. ఆ తొలి ప్రయత్నము వెనుక ఉన్నది ఈ ముందుచూపని నేను చెప్పదలచినది.

ఇక నౌక తెచ్చిన విజ్ఞానము మాట. ఇచట నేను ఇష్టులను నొప్పించియైనను నిజము చెప్పవలెను. అంగారకునిపై మీథేను వాయువును కనిపెట్టుటకు పంపిన పరికరము, దాని నిర్మాణములోని లోపము వలన ఆ వాయువును బొగ్గుపులుసు వాయువు నుండి వేరుచేసి చూపజాలకపోయినది. దానిని గ్రహోపరితలము సూర్యకాంతిని ఎంత ప్రతిఫలించునో కొలుచుటకు మాత్రమే వాడుకొనిరి. పదునైదు కిలోల పరికరములతో పోయినవారికి పదునైదు కిలోల విజ్ఞానమే దక్కును. అయినను, మిక్కిలి కోలయైన కక్ష్య వలన గ్రహమునంతటిని ఒక్క చూపులో పట్టిన పూర్ణబింబ చిత్రములు, అంగారకుని పైవాతావరణములో అనుకొనినదాని కంటె వేడియైన ఆర్గాను వాయువు జాడ, ఆ నౌకకే చెందిన సంపాదనలు. ఆరు నెలలకని పంపినది దాదాపు ఎనిమిది సంవత్సరములు పనిచేసి, 2022లో మూగవోయినది. దానికి రెండు దినములు ముందుగా అంగారకుని చేరిన అమెరికా వారి మేవెన్ నౌకకు 67 కోట్ల డాలర్లు, నాటి మారకములో నాలుగువేల కోట్ల రూపాయలు, వ్యయమైనవి. అంగారకుని ఆర్గానులో మూడింట రెండు వంతులు యుగయుగములుగా శూన్యములోనికి ఎగిరిపోయినదని, ఆ గ్రహము చలువబారి ఎండిపోవుటకు గాలిని కోల్పోవుటయే ప్రధాన హేతువని నిర్ణయించినది ఆ నౌకయే. చౌకతనమును మాత్రమే పొగడువారు ఈ భేదమును గమనింపవలెను. ఇంజనీర్ల పాఠశాలగా మంగళయానము తన ఖర్చును పూర్తిగా తీర్చినది. విజ్ఞానశాస్త్రముగా కొంతయే తీర్చినది. ఇది నా తీర్పు.

గ్రహముల నిమిత్తము ధనము వెచ్చించుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు అను జమీందారీ కుటుంబీకుడు, మద్రాసు నక్షత్రశాలలో టేలరను ఇంగ్లీషు జ్యోతిశ్శాస్త్రజ్ఞుని వద్ద విద్య నేర్చి వచ్చి, 1840 ప్రాంతమున సొంత ధనముతో తన ఇంటనే ఒక వేధశాలను నిర్మించెను. 1856లో ఆయన మరణింపగా అల్లుడు అంకితము వెంకట నరసింగరావు దానిని చేపట్టి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటిపోవుటను అచటి నుండి పరిశీలించెను. సూర్యునికి మనకు గల దూరమును కొలుచుటకు ఆ శుక్రగమనము నాటివారికి గొప్ప సాధనము; అందుకై ఐరోపా ప్రభుత్వములు ఓడలకొలది పండితులను ఖండాంతరములకు పంపియుండెను. ఇట్టి కొలతలు తరతరములుగా కుదిరినందుననే అంగారకుడు ఏ దినమున ఏ తావున నుండునో లెక్కగట్టి నేడు నౌకను పంపగలిగితిమి.

జగ్గారావు వేధశాల కథలో నన్ను ఆకర్షించిన ఘట్టము వేరొకటి కలదు. గ్రహములను చూచుటకని కట్టిన ఆ శాల, ఆ శతాబ్ది చివరకు వచ్చునప్పటికి గాలియొత్తిడిని, ఉష్ణోగ్రతను, వర్షమును, గాలి దిక్కును ప్రతిదినము నమోదు చేయుచు, ఆ ఫలితములను సంపుటములుగా అచ్చువేయించు వాతావరణ పరిశీలనా కేంద్రమై యుండెను. నింగిని నిశితముగా కొలువ నేర్చిన చేయి గాలివానను కొలుచుటకు తడబడదు. కల్పన ఉపగ్రహమునుండి మంగళయానము పుట్టినదంటిని. ఆ త్రోవయే ఇటునుండి అటును, అటునుండి ఇటును నడుచుచున్నదని చెప్పుటకు ఇంతకంటె మంచి తార్కాణము మన సీమలో నాకు కనబడలేదు.

విజయనగరమున గురజాడ అప్పారావు 1910లో హేలీ తోకచుక్క కాలమున ‘ముత్యాల సరములు’ వ్రాసినపుడు, అరిష్టసూచకమని జనులు భయపడు తోకచుక్కను చూచి భయము విడనాడుడని బోధించెను. ఆ మాట అని శతాబ్ది దాటినను, కుజదోషమని పెండ్లి సంబంధములు తప్పిపోవుట మన ఊళ్ళలో ఇంకను మానలేదు. ఆ కుజుని చుట్టు మన యంత్రము ఎనిమిదేండ్లు తిరిగినదన్న సంగతి ఒక్క ఆడుపిల్లకైన ధైర్యమునిచ్చినచో, దానిని నేను లెక్కలో చేర్చుకొందును. రూపాయలలో మాత్రము చేర్చజాలను.

మరల తీరమునకు వత్తము. మంగళయానము అంగారకుని చేరిన పదునెనిమిది దినములకు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి, విజయనగర శ్రీకాకుళ జిల్లాలను అల్లకల్లోలము గావించినది. రాష్ట్రప్రభుత్వము గట్టిన అంచనా ప్రకారము నష్టము 21,000 కోట్ల రూపాయలకు పైబడినది. ఆ ఒక్క దినపు గాలిలో నలుబదియారు మంగళయానముల ధనము కొట్టుకొనిపోయినది. తుపాను తాకిన రెండు దినములకు ప్రధానమంత్రి విశాఖకు వచ్చి ప్రకటించిన తాత్కాలిక సహాయమే 1,000 కోట్లు. ఈ అంకెల నడుమ 450 కోట్లను ఉంచి చూచినపుడే దాని కొలత తెలియును.

తుపానును పైనుండి కనిపెట్టుట యెట్లు? సముద్రపు పైపొర ఇరువదియారు డిగ్రీలకు మించి వేడెక్కినపుడు ఆవిరి పైకెగసి, చల్లబడి నీరగుచు, తనలో దాచుకొన్న వేడిని గాలికి విడిచిపెట్టును. ఆ వేడిమితో గాలి ఇంకను ఎగయును. చుట్టుప్రక్కల గాలి దానిని పూడ్చుటకు ఉరికివచ్చి, భూభ్రమణము వలన సుడి తిరుగును. అల్పపీడనము వాయుగుండమై, వాయుగుండము తుపానగుట ఇదియే. 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచియుండు ఇన్సాట్-3డి వంటి ఉపగ్రహము కంటికి కానరాని పరారుణ కాంతిలో మేఘాగ్రముల చల్లదనమును కొలిచి, సుడి ఎంత బిగువుగా చుట్టుకొన్నదో, నడుమ కన్ను తెరచినదో లేదో అరగంట కొకసారి చూపును. ఓషన్‌శాట్-2 వంటి మరియొక తెగ ఉపగ్రహము రేడియో తరంగములను సముద్రముపైకి పంపి, నీటిపై లేచిన చిన్ని అలల గరుకుతనమును బట్టి అచటి గాలివేగమును కొలుచును. 2009లో ఓషన్‌శాట్-2ను మోసినది చంద్రయాన్‌ను మోసిన జాతి రాకెట్టే. ఇన్సాట్-3డిని మాత్రము 2013లో ఐరోపా వారి ఏరియాన్ రాకెట్టు దక్షిణ అమెరికా నుండి పంపినది. గ్రహయానమునకును గాలివానకును గల బంధమును అతిగా చెప్పరాదు గనుక దీనిని కూడ చెప్పుచున్నాను.

ఫలితము మన పొరుగుననే కనబడును. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన పెనుతుపానులో దాదాపు పదివేల మంది చనిపోయిరి. 2013 అక్టోబరు 12న, మన ఇచ్ఛాపురమునకు చేరువ గోపాలపురము దగ్గర ఫైలిన్ తుపాను భీషణ వేగముతో తీరము దాటినపుడు, లక్షలాది జనులను ముందే తరలించినందున మృతులు పదుల సంఖ్యకు మించలేదు. ఇది ఉపగ్రహముల గొప్ప మాత్రమే కాదు. తుపాను రక్షణ భవనములు, ఇంటింటికి తిరిగి జనులను కదలించిన గ్రామోద్యోగులు, రాడారులు, సెల్‌ఫోనులు, అన్నియు కలిసిన ఫలము. కాని ఎవరిని ఎప్పుడు కదలింపవలెనో చెప్పు కన్ను పైననే కలదు. నాడు కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో ప్రమాద సూచిక ఎగురవేసిన వెనుక గాని తెలియని వార్త, నేడు వేటకు పోయినవానికి నాలుగైదు దినములు ముందుగా తెలియుచున్నది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము సముద్రపు రంగును, వేడిని ఉపగ్రహములనుండి గ్రహించి చేపలు దొరకు తావులను సైతము తెలుపుచున్నది.

గ్రహములనే చూచుట వలన భూమికి కలిగిన నేరైన లాభము వేరొకటి యున్నది. శుక్రునిపై గాలిలో నూటికి తొంబదియారు పాళ్ళు బొగ్గుపులుసు వాయువు. నేల వేడిమి 460 డిగ్రీలు. ఆ శుక్రుని మేఘములపై పరిశోధన చేసి శాస్త్రజ్ఞుడైన జేమ్స్ హాన్సెన్, పిమ్మట దృష్టిని భూమిపైకి త్రిప్పి, మన వాతావరణము వేడెక్కుచున్నదని హెచ్చరించినవారిలో అగ్రగణ్యుడయ్యెను. 1971లో మారినర్-9 అంగారకుని చేరినపుడు గ్రహమంతటిని ధూళి కప్పియుండెను. ఆ ధూళి క్రింద నేల చల్లబడుటను లెక్కగట్టిన శాస్త్రజ్ఞులే, అణుయుద్ధపు పొగ భూమిని ఎట్లు గడ్డకట్టింపగలదో 1983లో లోకమునకు చూపిరి. బంగాళాఖాతము వేడెక్కుచున్న కొలది మన తీరపు తుపానులకు బలము చేకూరునని తెలిసికొనుటకు అట్టి లెక్కలే ఆధారము. ఒక్క రోగినే చూచిన వైద్యునికి రోగము తెలియదు, పలువురను చూడవలెను. భూమికి ప్రక్కవాటాలో నున్న రోగులు ఈ రెండు గ్రహములే.

ఇంత చెప్పినందున ప్రతి గ్రహయానమును కండ్లు మూసికొని సమర్థింపవలెనని నా భావము కాదు. అంగారకుని రాళ్ళను భూమికి తెచ్చుటకు అమెరికావారు తలపెట్టిన పథకము అంచనా 1,100 కోట్ల డాలర్ల దాకా పెరిగి, రాళ్ళు చేతికందు గడువు 2040కి జారగా, 2024లో వారే ఇది భరింపరానిదని ఒప్పుకొని వేరు మార్గములు వెదుకసాగిరి. అట్లు ఒప్పుకొనుట మంచిదే. మన చంద్రయాన్-2, 978 కోట్ల వ్యయముతో పోయి, 2019 సెప్టెంబరు 7న దాని దిగుడునౌక చంద్రునిపై కూలిపోయినపుడు, ఆ ధనమంతయు బూడిదపాలైనదన్నవారు తొందరపడిరి. దాని కక్ష్యానౌక నిలిచి, అది తీసిన చిత్రములే నాలుగేండ్లకు చంద్రయాన్-3 దిగదగిన తావును వెదకిపెట్టినవి. 2023 ఆగస్టు 23న, 615 కోట్ల వ్యయముతో, చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున తొలిసారిగా దిగితిమి. తప్పును కప్పిపుచ్చక వెదకి దిద్దుకొన్నచోట వ్యయము వృథా కాదు. ప్రతిష్ఠకై మాత్రమే, పరికరము బలహీనమని తెలిసియు పంపినచోట వృథాయే.

ఇక ఆ వృద్ధునికి ఏమని చెప్పవలెను? నీ నీళ్ళను అంగారకుడు త్రాగలేదని చెప్పవలెను. తుపాను తాకిన రెండు దినములకే వేయి కోట్లు దొరకిన దేశమున, నీటి గొట్టములకు ధనము లేక ఆలస్యము జరిగినదని నేను నమ్మను. లేనిది ధనము కాదు, గడువు. భూమియు అంగారకుడును అనుకూలముగా నిలుచు వేళ ఇరువదియారు నెలలకు ఒక్కసారి గాని రాదు. ఆ వేళ తప్పినచో నౌక మరి రెండేండ్లు గిడ్డంగిలో ఉండవలసినదే. 2012 ఆగస్టులో అనుమతి లభించగా, 2013 నవంబరు తప్పరాదని ఎరిగినందుననే పదునైదు నెలలలో నౌక సిద్ధమైనది. ఎవ్వరి మొగమాటమును చూడని ఆ గ్రహగతియే మనవారి చేత పని చేయించినది. ఉద్దానమునకు అట్టి గ్రహగతి లేదు. నేడు నీళ్ళు వచ్చినవి, ఆసుపత్రి వచ్చినది. రోగకారణము మాత్రము ఇంకను తేలలేదు. ఒక బృందము వచ్చి నీటి మచ్చులు గొనిపోవును, మరియొక బృందము రక్తపు మచ్చులు గొనిపోవును. ఏ నాటికి తేల్చవలెనన్న తేదీ ఎవ్వరికిని లేదు.

కావున పలాస పరిశోధనా కేంద్రమునకును, మన విశ్వవిద్యాలయములకును, వైద్యకళాశాలలకును, ఇచ్ఛాపురము మొదలు భోగాపురము వరకు గల ప్రజాప్రతినిధులకును నేను చేయు విన్నపమొక్కటే. ఉద్దానపు వ్యాధికి కారణము కనుగొను పనికి ఒక్క నాయకుని నియమించుడు. మచ్చులన్నిటిని ఒక్క చోట చేర్చుడు. ప్రతి ఆరు నెలలకు తెలిసినదేమో, తెలియనిదేమో కవిటి సంతలో జనులకు తెలుగున చదివి వినిపించుడు. అన్నిటికంటె ముందు, అంగారకునికి పెట్టుకొన్నట్లు, దీనికిని ఒక తేదీ పెట్టుడు.